డెట్‌ఫర్డ్ గదిలో నలుగురు: క్రిస్టఫర్ మార్లో కేసు ఫైలు

నా దగ్గర జూనియర్లుగా చేరే యువ న్యాయవాదులకు నేను మొదట చదవమని ఇచ్చే కాగితం మన కోర్టులది కాదు. 1593 జూన్ 1న, లండన్‌కు దిగువన థేమ్స్ ఒడ్డున ఉన్న డెట్‌ఫర్డ్ అనే రేవు ఊరిలో, లాటిన్‌లో రాసిన శవ పంచనామా అది. మృతుడు క్రిస్టఫర్ మార్లో, వయసు 29, నాటకకర్త, కవి. చంపినవాడు ఇంగ్రమ్ ఫ్రైజర్. గదిలో మరో ఇద్దరున్నారు. గొడవకు కారణం భోజనం ఖర్చు. జ్యూరీ తేల్చింది ఆత్మరక్షణ అని. నెల తిరగకుండానే, జూన్ 28న, ఫ్రైజర్‌కు రాణి క్షమాభిక్ష దొరికింది.

ఎం.ఏ. ఇంగ్లీషు చదివినవారికి మార్లో అంటే 'డాక్టర్ ఫాస్టస్'. షేక్‌స్పియర్ పుట్టిన ఏడాదే పుట్టి, షేక్‌స్పియర్ ఇంకా పేరు తెచ్చుకుంటున్న రోజుల్లోనే లండన్ రంగస్థలాన్ని ఏలినవాడు. ఆయన సాహిత్యం గురించి సాహిత్యం తెలిసినవారు చాలా రాశారు. నాకు పని ఆయన ఫైలుతో. మార్లో రాసిన ఉత్తరం ఒక్కటి కూడా మిగలలేదు. సంతకం దొరికింది కూడా 1585లో కేంటర్బరీలో ఒకామె వీలునామాకు సాక్షిగా ఉన్నప్పుడు పెట్టినదే. మిగిలినవన్నీ ఇతరులు ఆయన గురించి రాసుకున్న కాగితాలు: స్కాలర్‌షిప్ లెక్కలు, మంత్రిమండలి నమోదులు, వారంటు, బెయిలు బాండు, చివరికి ఈ పంచనామా. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఏం జరిగిందో రాస్తారు, ఎందుకు జరిగిందో రాయరు.

మృతుడి పూర్వాపరాలు

కేంటర్బరీలో చెప్పులు కుట్టే జాన్ మార్లో కొడుకు. 1564 ఫిబ్రవరి 26న అక్కడి సెయింట్ జార్జ్ చర్చిలో బాప్టిజం. ఊళ్లోని కింగ్స్ స్కూలులో చదివి, కేంబ్రిడ్జిలోని కార్పస్ క్రిస్టీ కాలేజీలో ఆర్చిబిషప్ మాథ్యూ పార్కర్ పేరిట ఉన్న స్కాలర్‌షిప్ మీద చేరాడు. వారానికి ఒక షిల్లింగు, అదీ కాలేజీలో ఉన్న వారాలకే. ఈ షరతు పుణ్యమా అని నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆయన హాజరుపట్టీ మన చేతిలో ఉంది. 1584లో బి.ఏ. అయిన దగ్గర నుంచి గైర్హాజరీలు పెరిగాయి. ఉన్న వారాల్లో తిండికీ తాగుడుకూ పెట్టిన ఖర్చు మాత్రం వచ్చే షిల్లింగుకు మించిపోయింది. ఆదాయానికి మించిన ఆస్తుల కేసు వాదించినవారెవరైనా ఇక్కడ పెన్సిలు తీసి గీత గీస్తారు.

1587లో ఎం.ఏ. పట్టా దగ్గర చిక్కు వచ్చింది. ఫ్రాన్సులోని రెయిమ్స్‌లో ఇంగ్లండు కాథలిక్కులు నడిపే మత విద్యాలయం ఉండేది. ప్రొటెస్టెంట్ రాణి ఎలిజబెత్ ప్రభుత్వం దృష్టిలో అది రాజద్రోహుల కర్మాగారం. మార్లో అక్కడికి వెళ్లి ఉండిపోబోతున్నాడని పుకారు పుట్టింది. జూన్ 29న రాణి మంత్రిమండలి విశ్వవిద్యాలయానికి లేఖ రాసింది. అతనికి అలాంటి ఉద్దేశం లేదు, రాణికి మంచి సేవ చేశాడు, దేశానికి మేలు చేసే పనుల్లో ఉన్నవాడిని ఆ పనుల సంగతి తెలియనివాళ్లు అప్రతిష్ఠ పాలు చేయడం రాణికి ఇష్టం లేదు, పట్టా ఇవ్వండి అని సారాంశం. పట్టా ఇచ్చారు. ఆ సేవ ఏమిటో లేఖలో లేదు. గూఢచారి అని సాహిత్య చరిత్రకారులు దాదాపు ఏకాభిప్రాయంతో అంటారు. సాక్ష్యం దృష్ట్యా చూస్తే అది ఊహే, అయితే గట్టి ఊహ. పెద్దవాళ్లు పేరు పెట్టి వెనకేసుకొచ్చారంటే చిన్న పని మాత్రం కాదు.

అక్కడి నుంచి లండన్. కెరీర్ అంతా కలిపి ఆరేళ్లు. 'టాంబర్లేన్' రెండు భాగాలు 1587, 1588 ప్రాంతంలో ఆడాయి. గొర్రెల కాపరిగా మొదలై చక్రవర్తులను జయించి, ఓడిన రాజుల చేత రథం లాగించుకున్న తైమూరు కథ. నిలువెత్తు ఎడ్వర్డ్ ఆలిన్ ఆ వేషం కట్టాడు. అంత్యప్రాస లేని పద్యాన్ని నాటకశాలలో జనం చెవికెక్కేలా చేసింది ఈ నాటకమే. దాని నడకలో ఉన్న బలాన్ని తర్వాత నాటకకర్త బెన్ జాన్సన్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు, అదీ షేక్‌స్పియర్‌ను కీర్తిస్తూ 1623లో రాసిన కవితలో. ఆ వెంటే 'మాల్టా యూదుడు', 'పారిస్ ఊచకోత', 'రెండవ ఎడ్వర్డ్', 'ఫాస్టస్'. నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్‌లో లెక్కల పుస్తకం తిరగేస్తే మార్లో నాటకాలు ఎన్నిసార్లు గల్లా పెట్టె నింపాయో తెలుస్తుంది. అయినా 1590లో 'టాంబర్లేన్' అచ్చయినప్పుడు దాని మీద రచయిత పేరు లేదు. ఆ రోజుల్లో నాటకం కంపెనీ సొత్తు. ఆయన పేరు పుస్తకాల మీదికి ఎక్కింది చనిపోయిన తర్వాతే.

న్యాయవాదిగా ఆ నాటకాల్లో రెండు చోట్ల నేను ఆగిపోతాను. ఒకటి ఫాస్టస్ రాసిచ్చిన దస్తావేజు. ఆత్మను సైతాను లూసిఫర్‌కు ధారాదత్తం చేస్తూ నెత్తుటితో రాసిన దానపత్రం. ఐదు షరతులు, 24 ఏళ్ల గడువు, కింద సంతకం. మొదటి షరతు నుంచి చివరిదాకా ఫాస్టస్‌కు దక్కాల్సినవే ఏకరువు పెట్టి ఉంటాయి, అవతలివాడు మాట తప్పితే ఏమిటన్న ఊసే లేదు. ఇలాంటి దస్తావేజు మీద సంతకం పెట్టొద్దని ఏ ప్లీడరైనా చెబుతాడు. రెండోది 'రెండవ ఎడ్వర్డ్'లో మార్టిమర్ పంపే లాటిన్ చీటీ. ఖైదులో ఉన్న రాజును చంపించాలి, చంపమన్నట్టు రుజువు మాత్రం మిగలకూడదు. ఒకచోట విరిచి చదివితే రాజును చంపడానికి జంకవద్దు, చావడమే మంచిది అని వస్తుంది. ఇంకోచోట విరిస్తే చంపవద్దు, జంకడమే మంచిది అని వస్తుంది. విరామ చిహ్నం పెట్టకుండా పంపుతున్నానని మార్టిమర్ మురిసిపోతాడు. అధికార కాగితాన్ని ఎలా రాస్తారో మార్లోకు బాగా తెలుసు.

పాత కేసులు

మృతుడి మీద పాత కేసులు బయటికి తీయడం డిఫెన్స్ వారి అలవాటు. హతుడు దుడుకు మనిషి అని చూపితే ఆత్మరక్షణ వాదానికి బలం వస్తుంది. ఫ్రైజర్ తరఫు న్యాయవాదికి ఇక్కడ సరుకు బోలెడంత.

1589 సెప్టెంబరు 18న లండన్ శివారు హాగ్ లేన్‌లో విలియం బ్రాడ్లీ అనేవాడితో మార్లో కత్తి దూశాడు. మధ్యలో మార్లో స్నేహితుడు, కవి థామస్ వాట్సన్ వచ్చాడు. బ్రాడ్లీ అతని మీదికి తిరిగాడు, వాట్సన్ కత్తి బ్రాడ్లీ రొమ్ములో దిగింది. ఇద్దరినీ న్యూగేట్ జైలుకు పంపారు. మార్లో 40 పౌన్ల బాండు మీద, ఇద్దరు జామీనుదారుల పూచీతో అక్టోబరు 1న బయటికి వచ్చాడు, డిసెంబరులో విడుదలయ్యాడు. వాట్సన్ మాత్రం ఆత్మరక్షణ అని తేలాక కూడా క్షమాభిక్ష కోసం 1590 ఫిబ్రవరి వరకు జైల్లోనే ఉన్నాడు. ఈ కేసును గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

1592 జనవరిలో ఇంకా పెద్దది. ఇంగ్లండు సేన విడిది చేసి ఉన్న నెదర్లాండ్స్ రేవు ఫ్లషింగ్‌లో దొంగ నాణేల కేసు. ఒక కంసాలితో కలిసి నాణెం ముద్రించారని, అదే గదిలో ఉంటున్న రిచర్డ్ బేన్స్ ఫిర్యాదు చేశాడు. శత్రువు పక్షంలో చేరాలనుకున్నది నువ్వంటే నువ్వని బేన్స్, మార్లో ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. గవర్నర్ రాబర్ట్ సిడ్నీ వారిని ఇంగ్లండుకు పంపుతూ జనవరి 26న కోశాధికారి బర్లీకి ఉత్తరం రాశాడు. దొంగ నాణేల ముద్రణ అప్పట్లో రాజద్రోహం, శిక్ష మరణం. మార్లోకు శిక్ష పడలేదు. ఆ ఏడాది మే నెలలో లండన్‌లో కానిస్టేబుళ్లతో తగాదా, సెప్టెంబరులో సొంత ఊళ్లో ఒక దర్జీతో గొడవ, అన్నీ అతను బయట తిరుగుతుండగానే. ఎవరు వదిలిపెట్టారో, ఏ షరతు మీద వదిలిపెట్టారో ఫైలులో ఎక్కడా లేదు.

1593 మే

ప్లేగు వల్ల నాటకశాలలు మూతపడ్డాయి. లండన్‌లో వలస వర్తకుల మీద కోపం రగులుతోంది. మే 5న డచ్ చర్చి ఆవరణ గోడ మీద వారిని చంపుతామని బెదిరించే పద్యం ఒకటి అంటించి ఉంది. కింద సంతకం 'టాంబర్లేన్'. లోపల మార్లో నాటకాల ప్రస్తావనలు. ఆ పద్యం రాసింది మార్లో అనడానికి ఏ ఆధారమూ లేదు. సొంత నాటకం పేరు సంతకంగా పెట్టి బెదిరింపు రాసేంత తెలివితక్కువవాడు కాదు. కానీ దర్యాప్తు మొదలయ్యాక ఆ సంతకం ఎటు చూపితే చూపులన్నీ అటే వెళ్లాయి.

మే 12న నాటకకర్త థామస్ కిడ్‌ను పట్టుకుని గది సోదా చేశారు. బెదిరింపు పద్యం దొరకలేదు, క్రీస్తు దైవత్వాన్ని కాదనే కొన్ని కాగితాలు దొరికాయి. చిత్రహింసలు పెట్టగా, అవి మార్లోవి, రెండేళ్ల కిందట ఒకే గదిలో రాసుకున్నప్పుడు నా కాగితాల్లో కలిసిపోయాయి అన్నాడు. ఆ పాషండ పత్రాల అసలు సంగతి చాలా కాలం తర్వాత తేలింది. 1549లో అచ్చయిన ఒక పుస్తకం నుంచి ఎత్తిరాసుకున్నవి అవి. ఆ పుస్తకం రాసిందే అలాంటి వాదనలను ఖండించడానికి. పూర్వపక్షాన్ని మాత్రం కాపీ చేసుకున్నారన్నమాట. నేరపూరిత సాహిత్యం స్వాధీనం అనే పంచనామాలు మన దగ్గర కూడా ఎలా తయారవుతాయో తెలిసినవారికి ఇది కొత్తేమీ కాదు.

మే 18న వారంటు. కెంట్‌లో థామస్ వాల్సింగ్‌హామ్ ఇంట్లో గాని, ఇంకెక్కడ ఉన్నా గాని, మార్లోను తీసుకురమ్మని. ఈ వాల్సింగ్‌హామ్ మార్లోకు ఆశ్రయమిచ్చిన జమీందారు, రాణి గూఢచారి వ్యవస్థను నడిపి 1590లో చనిపోయిన ఫ్రాన్సిస్ వాల్సింగ్‌హామ్ బంధువు. మే 20న మార్లో హాజరయ్యాడు. కిడ్‌ను హింసల గదికి పంపినవాళ్లు మార్లోను మాత్రం, మళ్లీ చెప్పేదాకా రోజూ వచ్చి కనిపించు అని వదిలేశారు. మన భాషలో షరతులతో కూడిన బెయిలు, రోజూ స్టేషన్‌లో సంతకం. అదే అభియోగం, అవే కాగితాలు, ఇద్దరికీ రెండు న్యాయాలు. కారణం? నమోదులో లేదు.

ఇంతలో ఫ్లషింగ్ ఫిర్యాది బేన్స్ మళ్లీ రంగంలోకి వచ్చి మార్లో అన్నాడంటూ ఒక చిట్టా రాసిచ్చాడు. మోసెస్ గారడీవాడని, మతం పుట్టింది జనాన్ని భయపెట్టి ఉంచడానికని, నాణేలు ముద్రించే హక్కు రాణికెంతో తనకూ అంతే ఉందని. ఇంత ప్రమాదకరమైన మనిషి నోరు మూయించడం క్రైస్తవులందరి బాధ్యత అని చివర్లో సిఫారసు కూడా చేశాడు. పాత పగ ఉన్న సాక్షి. ప్రతిపరీక్షలో అయిదు నిమిషాలు నిలబడడు. కానీ అతణ్ణి ప్రతిపరీక్ష చేసే అవకాశం మార్లోకు రాలేదు.

గదిలో

మే 30, బుధవారం. డెట్‌ఫర్డ్‌లో ఎలినార్ బుల్ అనే వితంతువు ఇల్లు. అది సారాకొట్టు కాదు, పరపతి గల కుటుంబంలోని స్త్రీ ఇల్లు. సారాకొట్టులో తాగి చచ్చాడన్న మాట పుట్టి మూడు వందల ఏళ్లకు పైగా తిరిగింది. 1597లో ఒక మతబోధకుడు లండన్ వీధిలో సొంత కత్తికే బలయ్యాడని, దేవుడు నాస్తికుణ్ణి అలా శిక్షించాడని రాశాడు. మరుసటి ఏడాది ఇంకొకాయన ఆడదాని కోసం పోటీపడిన పనివాడొకడు పొడిచాడన్నాడు. చర్చి రిజిస్టరులో ఫ్రైజర్ పేరును తప్పుగా చదివి ఆర్చర్ అనే లేని మనిషిని కూడా పుట్టించారు. 1925లో లెస్లీ హాట్సన్ అనే పరిశోధకుడు లండన్ ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయంలో ఈ పంచనామాను వెలికితీశాకే ఆ కథలు ఆగాయి. నిజానికి ఆగలేదు, కొత్తవి మొదలయ్యాయి.

పంచనామా చెప్పేది ఇది. ఉదయం సుమారు పది గంటలకు నలుగురూ కలిశారు: మార్లో, ఫ్రైజర్, నికొలస్ స్కీర్స్, రాబర్ట్ పోలీ. మధ్యాహ్నం భోంచేశారు. తోటలో తిరిగారు, సాయంత్రం ఆరింటికి గదిలోకి వచ్చి రాత్రి భోజనం చేశారు. తర్వాత ఖర్చు చెల్లించే దగ్గర ఫ్రైజర్‌కూ మార్లోకూ మాటా మాటా పెరిగింది. మార్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. ఫ్రైజర్ మంచానికి వీపు పెట్టి, బల్ల వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. అతనికి చెరో పక్క స్కీర్స్, పోలీ. మార్లో వెనక నుంచి ఫ్రైజర్ నడుముకున్న పన్నెండు పెన్నీల విలువ గల బాకు లాగి అతని తల మీద రెండు గాయాలు చేశాడు. ఒక్కోటి రెండు అంగుళాల పొడవు, పావు అంగుళం లోతు. ఇద్దరి మధ్య చిక్కుకుని ఎటూ కదలలేని ఫ్రైజర్, ప్రాణరక్షణ కోసం బాకు తిరిగి లాక్కునే పెనుగులాటలో, మార్లో కుడి కన్ను పైన పొడిచాడు. రెండు అంగుళాల లోతు, ఒక అంగుళం వెడల్పు. మార్లో అక్కడికక్కడే చనిపోయాడు. ఫ్రైజర్ పారిపోలేదు.

విచారణ జరిపింది రాణి పరివారపు కరోనర్ విలియం డాన్బీ. రాణి విడిది చేసిన చోటికి 12 మైళ్ల లోపు జరిగిన మరణాలు అతని పరిధిలోకి వస్తాయి. పదహారు మంది జ్యూరీ శవాన్ని చూశారు. అదే రోజు సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఖననం.

పంచనామాను ఎలా చదవాలి

జూనియర్లు దీన్ని కథలా చదివి, మంచం ఎక్కడ, బల్ల ఎక్కడ అని బొమ్మ గీయడం మొదలుపెడతారు. గీయవద్దని అనను. కానీ ముందు చూడాల్సింది ఇందులో ప్రతి వాక్యం ఏ చట్టపు అవసరాన్ని తీరుస్తోందో.

అప్పటి ఇంగ్లండు చట్టంలో ఆకస్మిక తగాదాలో ఆత్మరక్షణకు చంపినవాడు నిర్దోషి కాడు. క్షమార్హుడు మాత్రమే. రాజముద్రతో క్షమాభిక్ష తెచ్చుకోవాలి, ఆస్తి జప్తుకు లోబడాలి. ఆ క్షమాభిక్షకు షరతు ఒకటుంది. వెనక్కి తగ్గగలిగినంత తగ్గాడని, ఇక తగ్గే దారి లేనప్పుడే కొట్టాడని తేలాలి. ఇప్పుడు హాగ్ లేన్ కేసు పంచనామాను పక్కన పెట్టి చూడండి. వాట్సన్ వెనక్కి వెనక్కి వెళ్లి ఒక కాలువ గట్టు దగ్గర ఇక పోలేక తిరగబడ్డాడని అందులో ఉంది. డెట్‌ఫర్డ్‌లో కాలువ లేదు. దాని స్థానంలో స్కీర్స్, పోలీ ఉన్నారు. ఇద్దరు మనుషులు కదలకుండా కూర్చుని చట్టానికి కావాల్సిన కాలువ అయ్యారు. పారిపోలేదనే వాక్యం, ఫ్రైజర్ ఆస్తిపాస్తులు మాకు తెలియవనే జ్యూరీ మాట, బాకు ధర, గాయాల కొలతలు, అన్నీ క్షమాభిక్ష గుమాస్తా అడిగేవే. ఇది జరిగినదాని వర్ణన కాదు, కావాల్సిన ఉత్తర్వు కోసం చక్కగా డ్రాఫ్టు చేసిన అర్జీ.

డ్రాఫ్టు చేసినంత మాత్రాన అబద్ధం కాదు. నిజంగా ఆత్మరక్షణకు చంపినవాడి కాగితం కూడా ఇదే మూసలో ఉంటుంది. అందుకే మూస లోపల మిగిలిన విడి వివరాలను పట్టుకోవాలి.

చెరో పక్క ఇద్దరు కూర్చుని, మధ్యవాడి తల మీద వెనక నుంచి బాకు రెండుసార్లు పడేదాకా ఏం చేస్తున్నారు? ఆ తర్వాత ఏం చేశారు? ఒక్క మాట లేదు. చంపాలనే కసితో, కూర్చున్న మనిషి తల మీద పై నుంచి బాకు దింపితే పావు అంగుళం లోతు గాయాలే అయ్యాయా, లేక పిడితో కొట్టాడా? పిడితో కొడితే అది చంపే ప్రయత్నం కాదు, కోపం. బల్లకూ మంచానికీ మధ్య ఇరుక్కుని, కదలలేనివాడు, వెనక ఉన్నవాడి కంటి మీద సూటిగా ఎలా పొడిచాడు? పెనుగులాటలో మెలి తిరిగి ఉండవచ్చు. కానీ కదలలేకపోయాడు అన్న మాటకూ ఈ గాయానికీ పొత్తు కుదరడం కష్టం. కంటి గూటి మీదుగా మెదడుకు తగిలిన గాయంతో మనిషి వెంటనే కుప్పకూలడం సాధ్యమే, ప్రాణం అక్కడికక్కడే పోయిందనడం మాత్రం వైద్యుణ్ణి బోనెక్కించి అడగాల్సిన మాట. బిల్లు ఎంత, ఎవరు ఎవరికి బాకీ? ఇంటావిడ ఎలినార్ బుల్ ఏమంది? ఆమె వాంగ్మూలం ఉన్నట్టే నివేదికలో లేదు.

మన దగ్గర ఈ పంచనామాకు ఏం విలువ ఉండేది? 1975లో పెద్ద నారాయణ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. శవ పంచనామా ఉద్దేశం మరణానికి పైకి కనిపించే కారణం తేల్చడం వరకే. ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు అన్న వివరాలు దాని పరిధిలోవి కావు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద కూడా పరిస్థితి అదే. కాబట్టి డాన్బీ నివేదికలో సగానికి పైగా మన సెషన్స్ జడ్జి పక్కన పెట్టేస్తారు. మిగిలేది శవం, గాయం, దాని కొలత.

ఆత్మరక్షణ విషయంలో మాత్రం మన చట్టం ఫ్రైజర్ పట్ల మరింత ఉదారం. న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు, పాత ఐపీసీలో 96 నుంచి 106 వరకు, వీటి కింద పారిపోయి తీరాలన్న నియమం లేదు. చావు గాని తీవ్ర గాయం గాని తప్పదన్న సహేతుకమైన భయం ఉంటే చాలు. వెనక నుంచి బాకు తల మీద పడినవాడికి ఆ భయం సహజం. నిందితుడి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషన్ వివరణ ఇవ్వాలని 1976 లక్ష్మీ సింగ్ తీర్పు ఉండనే ఉంది. ఫ్రైజర్ తల మీది రెండు గాయాలు డిఫెన్స్‌కు బంగారం. ఒక్కటే మెలిక. ఆ గాయాలు చిన్నవి, పైపైవి. ఎవరైనా తర్వాత చేసుకోదగినవి. ఆ ప్రశ్న నేను ప్రాసిక్యూటర్ నోట వినకూడదని కోరుకుంటూ వాదించేవాణ్ణి.

సాక్షులు

జ్యూరీకి ఎవరేం చెప్పారో నివేదికలో లేదు గాని, గది లోపలి సంగతి చెప్పగలిగినవారు బతికున్న ఆ ముగ్గురే. వారి చరిత్ర ఇది.

ఫ్రైజర్ థామస్ వాల్సింగ్‌హామ్ ఆస్తి వ్యవహారాలు చూసే మనిషి. అంటే చంపినవాడికీ చచ్చినవాడికీ పోషకుడు ఒక్కడే. పైగా స్కీర్స్‌తో కలిసి అప్పుల పేరిట కుర్ర వారసులను ముంచే వ్యాపారం. డ్రూ వుడ్లెఫ్ అనే యువకుడికి 60 పౌన్ల అప్పు కింద రొక్కం బదులు టవర్ హిల్ మీద పడి ఉన్న ఇనుప ఫిరంగులు అంటగట్టి, వాటిని నీ తరఫున అమ్మిపెడతానని 30 పౌన్లు చేతిలో పెట్టాడు. తర్వాత ఆ కుటుంబం కోర్టుకెక్కింది కాబట్టి ఈ సంగతి మనకు తెలిసింది. పోలీ వేరే స్థాయి. 1586లో రాణిని చంపే కుట్ర చేసిన ఆంథొనీ బాబింగ్టన్‌కు ఆప్తుడిలా నటించి పట్టించిన ప్రభుత్వ గూఢచారి. నాకు హాని జరిగేలా నేరం ఒప్పుకోవడం కన్నా ఒట్టు పెట్టడానికీ, ఆ ఒట్టు తప్పడానికీ సిద్ధం అని అతనే అన్నట్టు ఇంకో వ్యవహారంలో ఒకడు సాక్ష్యం చెప్పాడు. సాక్షి విశ్వసనీయతను దెబ్బతీయడానికి ఇంతకంటే మంచి వాక్యం నా సర్వీసులో నాకు దొరకలేదు.

వాదనలు

ఆయన చావలేదని, శవం మార్చి దేశం దాటించారని, తర్వాత షేక్‌స్పియర్ పేరుతో రాసింది ఆయనే అని ఒక వర్గం నమ్మకం. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో 2002లో పెట్టిన స్మారక గాజుపలకలో 1593 ముందు ప్రశ్నార్థకం కూడా పెట్టించగలిగారు. పదహారు మంది శవాన్ని చూశారన్న ఒక్క మాట చాలు దీన్ని పక్కన పెట్టడానికి. షేక్‌స్పియర్ తొలి నాటకాల్లో మార్లో చెయ్యి ఉందనడం వేరే సంగతి. 'ఆరవ హెన్రీ' మూడు భాగాలకూ సహరచయితగా ఆయన పేరును 2016లో ఆక్స్‌ఫర్డ్ సంకలనం చేర్చింది.

ప్రభుత్వం చంపించిందన్న వాదం బలమైనది, నాకు ఆకర్షణీయమైనది కూడా. పది రోజుల ముందు బెయిలు, ఆ రోజుల్లోనే బేన్స్ చిట్టా, గదిలో ఇద్దరు బాబింగ్టన్ వ్యవహారం నాటి మనుషులు, రాణి కరోనర్, రాణి క్షమాభిక్ష. కానీ ఉద్దేశం ఎవరిది? ఒకరు వాల్సింగ్‌హామ్ అంటారు, ఒకరు బర్లీ కుటుంబం అంటారు, ఒకరు రాణి ఆస్థానికుడు ఎసెక్స్ ప్రభువు అంటారు. ముద్దాయి పేరు పూరించకుండా ఖాళీ వదిలిన ఛార్జిషీటు ఇది. పైగా చంపాలనుకున్నవాళ్లకు అప్పటికే వారంటు, చెరసాల, చిత్రహింసల గది అందుబాటులో ఉన్నాయి. ఒకరింట్లో రోజంతా విందు పెట్టి కంట్లో పొడవాల్సిన అగత్యం ఏమిటి? దీనికి జవాబు ఒకటుంది. విచారణకు నిలబెడితే మార్లో నోరు విప్పుతాడు, అతనికి ఎవరెవరు తెలుసో బయటికి వస్తుంది. ఈ జవాబు నాకు సమంజసంగా తోస్తుంది, రుజువుగా మాత్రం పనికిరాదు.

ఫ్రైజర్ వకాల్తా నాకు వస్తే సంశయ లబ్ధి కింద విడిపిస్తాను, పెద్దగా చెమట పట్టకుండానే. ప్రాసిక్యూషన్ నాకు అప్పగిస్తే ఫ్రైజర్‌ను కాసేపు వదిలి పోలీ మీద పడతాను. అతనికి డబ్బు చెల్లించమన్న ఉత్తర్వు మిగిలి ఉంది. మే 8న క్రాయిడన్‌లోని రాణి కొలువు నుంచి రహస్య, ముఖ్య వ్యవహారాల ఉత్తరాలతో ద హేగ్‌కు వెళ్లి, జవాబులతో జూన్ 8న నాన్‌సచ్ కొలువుకు చేరాడని, ఆ కాలమంతా రాణి సేవలోనే ఉన్నాడని అందులో రాసి ఉంది. ఆ కాలమంతా అన్నదాంట్లో మే 30 కూడా ఉంది. అత్యవసర ఉత్తరాలు మోసుకొస్తున్న దూత డెట్‌ఫర్డ్ రేవులో పొద్దున్న పది నుంచి రాత్రి దాకా ఒక నాటకకర్తతో తోటలో తిరుగుతూ ఏ సేవ చేస్తున్నట్టు? శవం పూడ్చాక కూడా వారం రోజులు ఆ ఉత్తరాలు ఎందుకు చేరలేదు? ఆలస్యానికి సంజాయిషీ ఎవరూ అడగలేదు, పూర్తి బత్తెం ఇచ్చారు. ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారిని సాక్షిగా పిలవమని నా మొదటి పిటిషన్ ఉంటుంది.